డాక్టర్ హూ క్రిస్మస్ ప్రత్యేకం: అందరూ మెచ్చిన అనీటా, అభిమానులను చీల్చిన నక్షత్రం

2024 డిసెంబరు 25న బ్రిటన్‌లో బీబీసీ వన్ ద్వారా, ఇతర దేశాల్లో డిస్నీ ప్లస్ ద్వారా ప్రేక్షకుల ముందుకు వచ్చిన ‘జాయ్ టు ద వరల్డ్’కు డాక్టర్ హూ అభిమానుల నుంచి వచ్చిన స్పందన మామూలుగా లేదు. ఏ క్రిస్మస్ ప్రత్యేక భాగానికైనా మెచ్చేవాళ్లు కొందరు, పెదవి విరిచేవాళ్లు కొందరు ఉంటారు. ఈ భాగం విషయంలో మాత్రం మెప్పు, ఫిర్యాదు రెండూ ఒకే నోట వినిపించాయి. కథ నడుమ డాక్టర్ ఒక చిన్న హోటల్లో ఏడాదిపాటు చిక్కుబడిపోయే ఘట్టాన్ని ఆకాశానికెత్తినవారే, చివరి దృశ్యం దగ్గరికి వచ్చేసరికి తల పట్టుకున్నారు. నా అభిప్రాయం చాలావరకు వారితోనే కలుస్తుంది. అయితే ఆ నడిమి ఘట్టం ప్రధాన కథకు అడ్డు తగిలిందని మరికొందరు చేసిన ఫిర్యాదుతో ఏకీభవించలేను, ఎందుకంటే నా దృష్టిలో ఈ గంటసేపటి కథకు ప్రాణం అక్కడే ఉంది.

ఈ ధారావాహికకు కొత్తవారైన ప్రేక్షకులకు ఒక మాట. డాక్టర్ హూ 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది. డాక్టర్ అనే పేరు తప్ప మరో పేరు చెప్పుకోని గ్రహాంతరవాసి, నీలిరంగు పోలీసు పెట్టెలా కనిపించే టార్డిస్ అనే యంత్రంలో కాలంలోను, అంతరిక్షంలోను తిరుగుతుంటాడు. మరణం అంచుకు చేరినప్పుడు మరో శరీరం, మరో స్వభావం ధరిస్తాడు కాబట్టి అరవై ఏళ్లుగా నటులు మారుతున్నా పాత్ర కొనసాగుతోంది. 1965లో క్రిస్మస్ పండుగ శనివారం రావడంతో ఆ రోజు ప్రసారమైన భాగంలో మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ నేరుగా కెమెరా వైపు తిరిగి ఇంట్లో ఉన్న ప్రేక్షకులకు పండుగ శుభాకాంక్షలు చెప్పాడు. ఆ భాగం చిత్రం ఇప్పుడు మిగిలి లేదు. పండుగ రోజున ప్రత్యేక భాగం రావడం ఆనవాయితీగా మారింది మాత్రం 2005లో ధారావాహిక పునఃప్రారంభమైన తరువాతే. 2007 నాటి ‘వాయేజ్ ఆఫ్ ద డామ్డ్’ను కోటీ ముప్ఫై లక్షలకు పైగా బ్రిటన్ వాసులు చూశారంటే ఆ రోజుల్లో దానికున్న ఊపు అర్థమవుతుంది. ఆ తరువాత కొన్నేళ్లు ప్రత్యేక భాగం నూతన సంవత్సర దినానికి జరిగి, 2023లో మళ్లీ క్రిస్మస్‌కు తిరిగి వచ్చింది.

ఈ నేపథ్యం చెప్పడానికి కారణం ఉంది. పండుగ భోజనం ముగించుకుని తాతలు, మనవలు, ఈ ధారావాహిక ఊసే పట్టని బంధువులు అందరూ ఒకే గదిలో కూర్చుని చూసే కార్యక్రమం ఇది. కాబట్టి పాత కథలేవీ తెలియనివారికీ అర్థం కావాలి, ఏళ్ల తరబడి చూస్తున్నవారికీ కొత్తగా అనిపించాలి, పిల్లలు నవ్వాలి, పెద్దవాళ్ల కళ్లు చెమర్చాలి. ఇన్ని బరువులు ఒక గంట కథ మీద మోపినప్పుడు ఎక్కడో ఒకచోట అది వంగక తప్పదు. ‘జాయ్ టు ద వరల్డ్’ ఎక్కడ వంగింది, ఎక్కడ నిలబడింది అన్నదే అభిమానుల మధ్య జరిగిన వాదన సారం.

రచయిత స్టీవెన్ మోఫాట్‌కు ఇది తొమ్మిదో క్రిస్మస్ కథ. 2010 నుంచి 2017 వరకు ఏటా ఒకటి చొప్పున రాసి, ఇక రాయనని అందరూ అనుకున్న తరువాత తిరిగి వచ్చాడు. కథకు ఆధారమైన ఆలోచన చాలా చిన్నది, అందుకే గొప్పది. హోటల్ గదుల్లో కొన్నిసార్లు ఎప్పుడూ తాళం వేసి ఉండే అదనపు తలుపు ఒకటి కనిపిస్తుంది. దాని అవతల ఏముందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. ఆ తలుపులన్నీ 4202వ సంవత్సరపు లండన్‌లో ఉన్న టైమ్ హోటల్‌లోకి తెరుచుకుంటాయని మోఫాట్ ఊహించాడు. భవిష్యత్తులోని ధనిక పర్యాటకులు ఆ హోటల్ నడవాల్లోంచి నడిచి, తమకు నచ్చిన శతాబ్దంలోని క్రిస్మస్‌లోకి అడుగుపెట్టవచ్చు. ఆ తలుపుల మీదుగానే డాక్టర్ పొరపాటున ఒక్కో కాలంలోకి తల దూర్చుతూ వెళతాడు: 1940లో బాంబులు పడుతున్న మాంచెస్టర్, 1953లో ఎవరెస్టు శిబిరం, 1962లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలు. చేతిలో చీజు, హామ్ పెట్టిన టోస్టు, గుమ్మడికాయ లాటే పట్టుకుని అడిగినవారికీ అడగనివారికీ అందించబోయే ఆ ఆరంభం పిల్లలను కట్టిపడేసే విధంగా ఉంది. ఎవరెస్టు గుడారంలో ఎడ్మండ్ హిల్లరీతోపాటు టెన్జింగ్ నార్గే కూడా కనిపించడం నాకు ప్రత్యేకంగా సంతోషం కలిగించింది. ఆ శిఖరారోహణ తరువాత టెన్జింగ్ డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో తరాల తరబడి మన దేశపు ఔత్సాహికులకు శిక్షణ ఇచ్చినవాడు. ఆయనకు ఇక్కడ దక్కినవి కొన్ని క్షణాలే అయినా, హిల్లరీ ఒక్కడినే చూపించి సరిపెట్టలేదు.

లండన్‌లోని శాండ్రింగ్‌హామ్ అనే సాదాసీదా హోటల్లో పండుగ నాడు ఒంటరిగా దిగిన జాయ్ అనే యువతి గదిలోకి కూడా అలాంటి తలుపే తెరుచుకుంటుంది. ఒక మాయ పెట్టె ఆమె చేతికి సంకెలగా చిక్కుకుంటుంది. దాన్ని విప్పే సంకేతం భవిష్యత్తు నుంచి వచ్చిన డాక్టరే చెబుతాడు. చెప్పి, జాయ్‌ని వెంటబెట్టుకుని టైమ్ హోటల్‌లోకి వెళ్లిపోతాడు, వర్తమానంలోని తనను తాను మాత్రం ఆ గదిలోనే వదిలేస్తాడు. తలుపు మళ్లీ తెరుచుకోవడానికి ఏడాది పడుతుంది. టార్డిస్ అవతల ఉండిపోయింది. కాలాన్ని ఇష్టమొచ్చినట్టు దాటే మనిషికి, మనందరిలా ఒక్కో రోజు గడుపుతూ ఏడాదంతా బతకవలసిన అవసరం వచ్చిపడింది.

అభిమానులు ముక్తకంఠంతో మెచ్చుకున్న ఘట్టం ఇక్కడ మొదలవుతుంది. శాండ్రింగ్‌హామ్ హోటల్ బాధ్యతలు చూసే అనీటా దగ్గర డాక్టర్ చిన్నచిన్న మరమ్మతులు చేసే పనివాడిగా చేరతాడు. అద్దెకు బదులు పని. కాలం గడిచేకొద్దీ వాళ్లిద్దరి మధ్య స్నేహం కుదురుతుంది. ఆ స్నేహానికి మోఫాట్ ఎంచుకున్న గుర్తు కుర్చీ. ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి ఒక సాయంత్రం కేటాయించుకుంటారు, దానికి కుర్చీల రాత్రి అని పేరు పెట్టుకుంటారు. తన టార్డిస్‌లో కుర్చీలే లేవని డాక్టర్‌కు అప్పుడు తడుతుంది. ఎవరైనా వచ్చి కాసేపు కూర్చునేందుకు ఆ యంత్రంలో చోటు లేకపోవడమేమిటన్న ప్రశ్న అతని ముఖంలో కదలాడుతుంది. ఆ ఒక్క వివరంతో ఆ పాత్ర గురించి తెలుస్తున్నంత, పది పోరాట సన్నివేశాలు చూపించినా తెలియదు. వచ్చినవారు పరుగెత్తాలి, ప్రమాదంలో పడాలి, వెళ్లిపోవాలి. ఊరికే కూర్చోవడానికి అక్కడికి ఎవరూ రాలేదు.

అనీటాగా స్టెఫ్ డి వాలీ నటన గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆమెకు పెద్ద పెద్ద మాటలు ఇవ్వలేదు. కౌంటర్ వెనుక నిలబడి, వచ్చినవారిని పలకరించి, గది తాళం అందించే మనిషి ముఖంలో ఏడాది పొడవునా మెల్లగా పెరిగే ఆత్మీయతను ఆమె చూపించింది. డాక్టర్ వెళ్లిపోయే రోజు వస్తుందని మొదటి నుంచీ ఆమెకు తెలుసు. ఆ వీడ్కోలు సన్నివేశంలో ఇద్దరూ ఒకరినొకరు హత్తుకున్నప్పుడు ప్రేక్షకులు కన్నీళ్లు పెట్టుకున్నామని చెప్పుకోవడంలో అతిశయోక్తి ఏమీ లేదు. డాక్టర్‌గా నటించిన షూటీ గట్వా ఆ సన్నివేశంలో కనబరిచిన సంయమనం నాకు బాగా నచ్చింది. అంతకుముందు కథల్లో ప్రతి రెండో భాగానికీ అతని డాక్టర్ కన్నీరు పెట్టుకుంటాడన్న విమర్శ ఉండేది. ఇక్కడ మాత్రం ఆ కన్నీటికి ఏడాది పొడవైన కారణం మన కళ్ల ముందే ఏర్పడింది.

దీని మీద వచ్చిన అభ్యంతరం కూడా చెప్పాలి. కథ పేరులోనే ఉన్న జాయ్, ఈ ఘట్టం నడుస్తున్నంత సేపూ తెర మీద లేదు. ‘డెర్రీ గర్ల్స్’, ‘బ్రిడ్జర్టన్’ ధారావాహికలతో ప్రపంచమంతా తెలిసిన నికోలా కాక్లన్‌ను తీసుకువచ్చి, కథ సగం వరకు పక్కన కూర్చోబెట్టారని, అనీటాయే అసలు సహచరిగా నిలిచిపోయిందని చాలామంది బాధపడ్డారు. ఆ బాధలో కొంత న్యాయం ఉంది. జాయ్ పాత్రకు తొలి సన్నివేశాల్లో మరో రెండు నిమిషాలు దొరికి ఉంటే, ఆమె ఎవరో, ఎందుకు ఒంటరిగా వచ్చిందో మనకు మరికాస్త పట్టి ఉండేది. కానీ అనీటా ఘట్టాన్ని కత్తిరించి ఆ నిమిషాలు తెమ్మనడం మాత్రం చేతులారా మంచిని పోగొట్టుకోవడమే. ఎదురుచూడటం అంటే ఏమిటో డాక్టర్ ఆ హోటల్లోనే నేర్చుకున్నాడు. ఆ పాఠం లేకుండా, తరువాత జాయ్ దుఃఖం ముందు అతను నిలబడిన తీరుకు బరువు ఉండదు.

ఆ దుఃఖం బయటపడే సన్నివేశం గురించి అభిమానుల మధ్య పెద్దగా విభేదం లేదు. పెట్టె జాయ్ మనసును లోబరుచుకుంటుంది. దాని పట్టు విడిపించడానికి డాక్టర్ కావాలనే ఆమెను కించపరుస్తాడు, కోపం తెప్పిస్తాడు. ఆ కోపంలో అసలు గాయం బద్దలవుతుంది. 2020 క్రిస్మస్ నాడు జాయ్ తల్లి ఆసుపత్రిలో ఒంటరిగా చనిపోయింది. కోవిడ్ నిబంధనలు పాటించిన కూతురు పక్కన ఉండలేక, తెర మీద వీడ్కోలు చెప్పింది. నిబంధనలు పెట్టినవాళ్లు మాత్రం వాటిని పాటించలేదని, వైన్ ఫ్రిజ్‌లు పెట్టుకుని నాట్యాలు చేశారని ఆమె మండిపడుతుంది. ఈ మాట బ్రిటన్ వాసులకు వివరించనవసరం లేదు. 2020లో లాక్‌డౌన్ కాలంలో ప్రధానమంత్రి కార్యాలయమైన డౌనింగ్ స్ట్రీట్‌లో విందులు జరిగినట్టు తరువాత బయటపడింది. వాటిలో ఒక పుట్టినరోజు సమావేశానికి హాజరైనందుకు 2022 ఏప్రిల్‌లో అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కు, ఆర్థికమంత్రి రిషి సునాక్‌కు పోలీసులు జరిమానా విధించారు. పండుగ నాటి కుటుంబ కార్యక్రమంలో రాజకీయం ఎందుకని విసుక్కున్నవారు కొందరు లేకపోలేదు. అయితే ఆ మాట ఉపన్యాసంలా వచ్చి ఉంటే ఆ విసుగు సబబుగా ఉండేది. అది తల్లిని కోల్పోయిన కూతురి నోట, నాలుగేళ్లుగా లోపల అణచుకున్న కోపంగా వచ్చింది. కాక్లన్ గొంతు ఆ రెండు వాక్యాల్లో పగిలిన తీరు చూస్తే, ఆమెను ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది.

తెలుగు కుటుంబాలకు ఈ సన్నివేశం పరాయిదిగా తోచదు. 2020 మార్చి చివర అంతర్జాతీయ విమానాలు ఆగిపోయిన తరువాత, లండన్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న పిల్లలు హైదరాబాదులోనో గుంటూరులోనో ఆసుపత్రిలో ఉన్న అమ్మానాన్నలను ఫోను తెర మీదే చూసుకున్నారు. చితికి నిప్పంటించే చేయి తమది కాకుండా పోయిన కొడుకులు, కడసారి చూపు దక్కని కూతుళ్లు మన బంధువర్గాల్లో ఎందరో ఉన్నారు. ఆ తరువాత నెలమాసికాలు, సంవత్సరీకం పద్ధతి ప్రకారం జరిగినా ఆ లోటు తీరలేదు. అందుకే జాయ్ కోపాన్ని బ్రిటిష్ రాజకీయ వ్యవహారంగా మాత్రమే చూసి పక్కన పెట్టేయడం మన ప్రేక్షకుడికి సాధ్యం కాదు.

ఇక చివరి దృశ్యం. పెట్టెలో ఉన్నది విల్లెన్‌గార్డ్ అనే ఆయుధ వ్యాపార సంస్థ తయారుచేసిన నక్షత్ర బీజం. నక్షత్రంగా ఎదగడానికి కోట్ల సంవత్సరాలు కావాలి కాబట్టి, టైమ్ హోటల్ తలుపుల ద్వారా దాన్ని డైనోసార్ల కాలంలోకి పంపి, మానవజాతి చరిత్రంతా దాని మీదుగా గడిచిపోయాక శక్తిని పిండుకోవాలన్నది సంస్థ పన్నాగం. ఆ సంస్థ పేరు మోఫాట్ 2005లోనే ఒక కథలో ప్రస్తావించాడు, 2024లోనే ‘బూమ్’లో మళ్లీ తెచ్చాడు. పాత అభిమానులు ఈ గొలుసును ఇష్టంగా గుర్తుపట్టారు. జాయ్ ఆ నక్షత్రంతో ఒకటై ఆకాశంలోకి ఎగసిపోతుంది. 2020లో ఆసుపత్రి మంచం మీద ఉన్న తల్లి కిటికీలోంచి ఆ వెలుగును చూస్తుంది, కూతురు ఆమెను చేరుతుంది. ఇక్కడ ఆపి ఉంటే బాగుండేదని నా గట్టి నమ్మకం. ఆగలేదు. ఆ వెలుగు కిందకు కెమెరా దిగుతుంది, తెర మీద బెత్లెహేం అన్న పేరు, మొదటి సంవత్సరం అన్న అంకె కనిపిస్తాయి. క్రీస్తు పుట్టుకను సూచించిన నక్షత్రం జాయ్‌యేనన్నమాట.

దీని మీద వచ్చిన అభ్యంతరాలు రకరకాలు. తమ విశ్వాసానికి మూలమైన నక్షత్రాన్ని ఒక ఆయుధ సంస్థ పన్నాగం నుంచి పుట్టించడం నొప్పి కలిగించిందని కొందరు క్రైస్తవ ప్రేక్షకులు భావించారు. దేవుళ్లనూ దెయ్యాలనూ ఎప్పుడూ ప్రశ్నించే ఈ ధారావాహిక, బైబిలు కథను అక్షరాలా నిజమని తలూపడం తమకు మింగుడుపడలేదని అన్నవారు మరో వైపు ఉన్నారు. ఇంకొందరు మాత్రం పండుగ నాటి కథకు ఇంతకంటే తగిన ముగింపు ఉండదని మురిసిపోయారు. ఈ మూడు వాదనలకూ గౌరవమిస్తూనే, నా అభ్యంతరం వేరేచోట ఉందని చెప్పాలి. అనీటా కథ, జాయ్ కథ రెండూ సామాన్య మనుషుల గురించి. ఒకరు కౌంటర్ వెనుక నిలబడిన మనిషి, మరొకరు తల్లి పక్కన కూర్చోలేకపోయిన కూతురు. ఆ సామాన్యతే ఈ కథ బలం. జాయ్ తన తల్లిని చేరుకోవడం ఆమెకు సరిపోయిన బహుమానం. ఆ బహుమానం సరిపోనట్టు, ఆమెను మానవజాతి చరిత్రలోనే అతి ప్రసిద్ధమైన నక్షత్రంగా మార్చగానే, చూపు ఆసుపత్రి కిటికీ మీద నుంచి జారిపోతుంది. తల్లీకూతుళ్లను తలచుకోవలసిన ప్రేక్షకుడు, బెత్లెహేం గురించి వాదించుకుంటూ టీవీ ముందు నుంచి లేచాడు.

ఇదే మోఫాట్ 2010లో రాసిన ‘ఎ క్రిస్మస్ కెరోల్’ను అభిమానులు ఇప్పటికీ అత్యుత్తమ క్రిస్మస్ భాగంగా తలచుకుంటారు. మైకేల్ గాంబన్ పోషించిన కఠిన హృదయుడైన ముసలివాడి గతంలోకి డాక్టర్ వెళ్లి, అతని బాల్యం నుంచీ ప్రతి పండుగకూ తోడుగా ఉండటం ఆ కథ. అందులోనూ ఒక స్త్రీ తన చివరి రోజును పండుగ నాడే గడుపుతుంది, ముగింపు విషాదమే. అయితే అక్కడ ఆ ముసలివాడు, ఆ స్త్రీ ఇద్దరి మీదే కథ ఆఖరి వరకు నిలిచింది. ఆ తులన దృష్ట్యా చూసినా, ఇక్కడి ముగింపు లోపం స్పష్టంగా కనబడుతుంది.

కథలోని కాలచక్రం గురించి కూడా కొందరు సణిగారు. సంకేతం డాక్టర్‌కు ఎవరు చెప్పారు? భవిష్యత్తు డాక్టర్. అతనికి ఎవరు చెప్పారు? ఏడాది కిందట అదే గదిలో తన నోటి నుంచే విన్నాడు. అంటే ఆ సంకేతాన్ని ఎవరూ కనిపెట్టలేదు. మోఫాట్ ఈ ఎత్తు ఇదివరకు చాలాసార్లు వేశాడు కాబట్టి అలసట సహజమే, నాకు మాత్రం అది ఇబ్బంది కలిగించలేదు. ఆ చిక్కుముడి అనీటా దగ్గరికి దారి తీసింది, అంతకంటే దానిని సమర్థించే కారణం అక్కరలేదు. హోటల్ ఉద్యోగి ట్రెవ్‌గా జోయెల్ ఫ్రై, బల్లి జాతి మేనేజరుగా జోనథన్ ఎరిస్ తక్కువ సమయంలోనే గుర్తుండిపోతారు. దర్శకుడు అలెక్స్ సంజీవ్ పిళ్లై టైమ్ హోటల్ వైభవాన్ని, శాండ్రింగ్‌హామ్ నిరాడంబరతను వేర్వేరు వెలుగుల్లో చూపించిన పద్ధతి కూడా మెచ్చదగినది.

డాక్టర్ హూ ఎన్నడూ చూడనివారు కూడా ఈ భాగంతో మొదలుపెట్టవచ్చు. పాత కథలు తెలియకపోవడం వల్ల పోయేది విల్లెన్‌గార్డ్ ప్రస్తావన ఒక్కటే. ముందుగా ‘ఎ క్రిస్మస్ కెరోల్’, తరువాత ఇది చూస్తే మోఫాట్ బలం, బలహీనత రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. చిన్నపిల్లలతో కలిసి చూసేవారు ఆసుపత్రి సన్నివేశం దగ్గర కాస్త సిద్ధంగా ఉండాలి, ముఖ్యంగా ఇంట్లో ఎవరినైనా ఆ కాలంలో కోల్పోయి ఉంటే. అనీటాను మళ్లీ చూడాలని కోరుకున్న అభిమానుల కోరిక కూడా నెరవేరింది. ఆమెకు టైమ్ హోటల్లోనే ఉద్యోగం దొరికినట్టు ఈ భాగం చివర చూపించారు, 2025 మే 31న వచ్చిన ‘ద రియాలిటీ వార్’లో ఆ హోటల్ తలుపు తెరుచుకుని డాక్టర్‌ను ఆదుకోవడానికి వచ్చింది ఆమే. గట్వా డాక్టర్‌గా వీడ్కోలు చెప్పింది కూడా ఆ భాగంలోనే. 2025 క్రిస్మస్‌కు కొత్త ప్రత్యేక భాగం రాలేదు. 2026 క్రిస్మస్‌కు, 2005లో ఈ ధారావాహికను పునఃప్రారంభించిన రచయిత రస్సెల్ టి డేవీస్ రాసే కథ వస్తుందని బీబీసీ ప్రకటించింది. ఆ కథలో నక్షత్రాలు ఎన్ని ఉన్నా ఫరవాలేదు గాని, అనీటా లాంటి మనిషి ఒక్కరు ఉండాలని నా కోరిక.